సంక్రాంతి సెలవుల్లో పిల్లలకు కథ చదివారా? ఆ కథను వాళ్ల చేతుల్లో పెట్టండి.. ఏడు చేపల దండెం నుంచి డబ్బా టీవీ దాకా!

సంక్రాంతి సెలవులు వచ్చాయంటే మొదటి రోజు ఇల్లంతా సందడే. పిల్లలు పిండివంటల చుట్టూ తిరుగుతూ, ముగ్గులు తొక్కి తిట్లు తింటూ హాయిగా ఉంటారు. అసలు సమస్య రెండో రోజు మధ్యాహ్నం మొదలవుతుంది. 'ఏం తోచట్లేదమ్మా' అంటూ కొంగు పట్టుకుని తిరుగుతారు. అరిసెల పాకం ముదిరిపోతుందేమోనని పొయ్యి దగ్గర నుంచి కదల్లేని అమ్మ, చివరికి ఫోన్ చేతికిచ్చేస్తుంది. ఇది ఏ ఒక్కరింటి కథో కాదు. ఈ కథనం కూడా మీరు ఫోన్‌లోనే చదువుతున్నారు కాబట్టి, ఫోన్‌ను తిట్టే కార్యక్రమం ఇక్కడ పెట్టుకోవట్లేదు.

ఫోన్ ఇవ్వకపోతే మరి ఏమివ్వాలి? చాలామంది ఒక బొమ్మల పుస్తకం ఇస్తారు. అయిదు నిమిషాల్లో పేజీలన్నీ తిప్పేసి 'అయిపోయింది' అంటాడు పిల్లాడు. లేదంటే రంగు కాగితాలు, గమ్ము ముందేసి యూట్యూబ్‌లో చూపించినట్టు పువ్వో, పక్షో చేయమంటారు. పది నిమిషాలు కాగానే కాగితాలు మంచం కింద, గమ్ము దుప్పటి మీద ఉంటాయి. పుస్తకం, చేతిపని రెండూ మంచివే. విడివిడిగా ఇస్తే ఎక్కువసేపు నిలవవు. కలిపి ఇస్తే మాత్రం గంట, ఒక్కోసారి రెండు రోజులు కూడా నడుస్తాయి. అయితే కలపడంలో ఒక కిటుకు ఉంది. అదేంటో చూద్దాం.

చేసిన వస్తువు ముఖ్యం కాదు.. దాంతో కథ చెప్పించడం ముఖ్యం

పుస్తకంలో చేప ఉంది కాబట్టి చేప బొమ్మ చేయిద్దాం, గాలిపటం ఉంది కాబట్టి గాలిపటం చేయిద్దాం అనుకోవడం సహజం. అక్కడితో ఆగిపోతే అది డ్రాయింగ్ క్లాసే. చేసిన చేపను చేత్తో పట్టుకుని పిల్లాడు మళ్లీ కథ చెప్పగలగాలి. కథలో తర్వాత ఏం జరిగిందో గుర్తు చేసుకోవడానికి ఆ వస్తువు పనికిరావాలి. చేతిపని ఎంచుకునేటప్పుడు 'ఇది అందంగా ఉంటుందా' అని కాకుండా, 'దీంతో కథ ముందుకు నడుస్తుందా' అని చూసుకోవాలి.

దీని వెనక శాస్త్రం కూడా ఉంది. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు 1988లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు, మూడేళ్ల వయసు పిల్లల తల్లిదండ్రుల్లో కొందరికి, బొమ్మల పుస్తకం చదివేటప్పుడు తాము గడగడా చదివేయకుండా పిల్లల్ని అడిగి చెప్పించడం నేర్పించారు. 'ఇదేంటి?' అని ఒక్క మాటతో తేలిపోయే ప్రశ్న కాదు. 'ఇక్కడ ఏం జరుగుతోంది?', 'ఇప్పుడు వీడు ఏం చేస్తాడంటావ్?' లాంటివి. పిల్లలు చెప్పినదానికి ఇంకో రెండు మాటలు కలిపి తిరిగి చెప్పడం కూడా అందులో భాగం. ఒక నెల గడిచేసరికి ఆ పిల్లలు మామూలుగా చదివి వినిపించిన పిల్లల కంటే భాషా పరీక్షల్లో మెరుగ్గా కనిపించారు. దీన్నే డయలాజిక్ రీడింగ్ అంటున్నారు. మన భాషలో చెప్పాలంటే, కథను పిల్లలతో మాట్లాడుతూ చదవడం. మన నాయనమ్మలు 'ఊఁ కొట్టు' అంటూ చెప్పిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే.. కాకపోతే ఇక్కడ పిల్లలు ఊఁ కొట్టి ఊరుకోరు, కథ వాళ్లే లాక్కుంటారు.

చేతిలో ఒక వస్తువు ఉంటే ఈ మాట్లాడించడం ఇంకా తేలిక. ఊరికే 'కథ చెప్పు' అంటే సిగ్గుపడే పిల్ల, చేతిలో కాగితం చేప ఉంటే చేప తరఫున మాట్లాడేస్తుంది.

ఇక ఫోన్ సంగతి ఒక్క ముక్కలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్లలోపు పిల్లల కోసం మార్గదర్శకాలు విడుదల చేసింది. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు కూర్చుని స్క్రీన్ చూసే సమయం రోజుకు గంట దాటకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని చెప్పింది. పిల్లలు కదలకుండా కూర్చున్న సమయంలో పెద్దవాళ్లు చదివి వినిపించడం, కథలు చెప్పడం మేలని కూడా అందులోనే ఉంది.

ఏడు చేపల కథ.. సంక్రాంతికి ఇంతకంటే మంచి కథ లేదు

ఏడు చేపల కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తేవడం, వాటిని ఎండబెడితే ఒక్క చేప ఎండకపోవడం, ఎందుకు ఎండలేదని అడుగుతూ పోతే గడ్డివాము, ఆవు, పశువుల కాపరి, అవ్వ, ఏడ్చే పిల్లాడు.. చివరికి చీమ దాకా రావడం. బొమ్మలతో అచ్చైన పుస్తకాలు కూడా దొరుకుతాయి. పుస్తకం లేకపోయినా పర్లేదు, ఈ కథ మీ నోటికి వచ్చు.

సంక్రాంతికి ఇదే ఎందుకంటే, ఆ కథలో ఉన్నవన్నీ ఆ వారం రోజులూ పిల్లల కళ్లముందే ఉంటాయి. కోతలై ఊళ్లో కొత్త గడ్డివాములు లేచి ఉంటాయి. కనుమ నాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులేసి పూజ చేస్తారు. వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గేస్తే చీమలు బారులు తీరతాయి. అవ్వ అయితే ఇంట్లోనే ఉంది! హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో పెరిగే నాలుగేళ్ల పిల్లకు గడ్డివాము అంటే ఏంటో పుస్తకంలో బొమ్మ చూపించి చెప్పడం వేరు, పెరట్లోకి తీసుకెళ్లి దాని నీడలో నిలబెట్టి 'ఇక్కడ చేపను పెడితే ఎండుతుందా?' అని అడగడం వేరు.

మొదట పుస్తకం చదవండి, లేదా కథ చెప్పండి. చేప ఎండలేదు అనే చోట ఒక్క క్షణం ఆగి, ఎందుకు ఎండలేదో పిల్లల్నే ఊహించనివ్వండి. 'వాన పడిందేమో', 'పిల్లి నాకిందేమో' అంటారు. అన్నీ ఒప్పుకోండి. తర్వాత కథ పూర్తి చేయండి.

ఇప్పుడు చేతిపని. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, వాటిని బయటకు తీయండి. అట్ట గట్టిగా ఉంటుంది, రంగులు కూడా బాగుంటాయి. వాటి మీద చేప ఆకారాలు గీసి కత్తిరించాలి. మూడేళ్ల పిల్లలైతే మీరు కత్తిరించి ఇవ్వండి, వాళ్లు పొలుసులు గీస్తారు, కళ్లు పెడతారు. అయిదేళ్లు దాటితే మొద్దు అంచుల కత్తెరతో వాళ్లే కత్తిరిస్తారు. ఒక చేపకు తోక పెద్దదవుతుంది, ఇంకోదానికి అసలు తోకే ఉండదు. వదిలేయండి. ఎండని చేప ఏదో వాళ్లనే ఎంచుకోమనండి. దానికి వేరే రంగు వేస్తారా, మొహం మాడ్చుకున్నట్టు గీస్తారా, అది వాళ్లిష్టం.

తర్వాత రెండు కుర్చీల మధ్య తాడు కట్టి దండెం తయారు చేయండి. బట్టల క్లిప్పులతో ఏడు చేపలనూ వాళ్లే తగిలించాలి. ఈ క్లిప్పు నొక్కడం చూడ్డానికి చిన్న పనే కానీ, బొటనవేలు, చూపుడువేలు కలిపి బలంగా నొక్కాలి. రేపు పెన్సిల్ పట్టుకోవడానికి కావాల్సిన బలం ఇలాంటి పనుల్లోనే వస్తుంది. ఒకటి, రెండు అంటూ ఏడు వరకు లెక్కపెట్టడం ఎలాగూ జరుగుతుంది. మీరు లెక్కల పాఠం మొదలుపెట్టకపోతే చాలు!

దండెం ఎదురుగా కథలోని మిగతావాళ్లను వరుసగా పెట్టండి. పిడికెడు ఎండుగడ్డిని దారంతో కడితే గడ్డివాము. గడ్డి దొరక్కపోతే కొబ్బరి పీచు. ఆవు కోసం అగ్గిపెట్టెకు నాలుగు పుల్లలు గుచ్చొచ్చు, పుల్లల మందు మాత్రం ముందే తీసేయండి. అవ్వకు పాత చీర ముక్క చుట్టిన చెంచా చాలు. చీమ పుట్ట కోసం గోధుమపిండి ముద్ద ఒకటి. ఆ ముద్దలో వేలు పెట్టించకుండా ఏ పిల్లాడినీ మీరు ఆపలేరు, ఆపాల్సిన అవసరం కూడా లేదు. కథలో అసలు గొడవంతా అక్కడే కదా.

ఇక వాళ్ల వంతు. చేప దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అడగాలి. అవ్వ పాత్రకు మీ అమ్మగారినే పిలవండి, 'పిల్లాడు ఏడుస్తుంటే నేనేం చేసేది' అని ఆవిడ గొంతుతోనే చెప్తే పిల్లలకు పండగే. మధ్యలో ఒక మెట్టు మర్చిపోతే ఎదురుగా ఉన్న బొమ్మే గుర్తు చేస్తుంది. నాలుగోసారి చెప్పేటప్పటికి వరుస మారిపోతుంది. ఆవు స్థానంలో కోడిపుంజో, గంగిరెద్దో వచ్చి చేరుతుంది. అప్పుడు 'అలా కాదు, కథలో లేదు' అని సరిచేయకండి. 'గంగిరెద్దు ఎందుకు రాలేదట?' అని అడగండి చాలు. పిల్లలు సొంతంగా కథ అల్లడం మొదలుపెట్టేది సరిగ్గా అక్కడే.

ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారా? చింపిన కాగితం చాలు

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు బయల్దేరితే పంతంగి టోల్ ప్లాజా దగ్గర వాహనాల బారులు ఎలా ఉంటాయో ఏటా చూస్తూనే ఉన్నాం. కారులో వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. చేతిపని సామాను ఏమీ లేదు. అప్పుడేం చేయాలి?

ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. లియో లియోనీ అనే చిత్రకారుడు న్యూయార్క్‌లో పనిచేసేవాడు. ఒకసారి మనవడు, మనవరాలితో రైల్లో వెళ్తున్నాడు. పిల్లలు కుదురుగా కూర్చోవట్లేదు. చేతిలో లైఫ్ మ్యాగజైన్ ఉంది. అందులోని రంగు పేజీల్లోంచి గుండ్రంగా నీలం ముక్క ఒకటి, పసుపు ముక్క ఒకటి చింపి, అప్పటికప్పుడు కథ చెప్పడం మొదలుపెట్టాడు. నీలం, పసుపు ఇద్దరూ స్నేహితులు.. ఆనందంతో కౌగిలించుకుంటే ఇద్దరూ కలిసి ఆకుపచ్చ అయిపోతారు, ఇంటికెళ్తే అమ్మానాన్నలు గుర్తుపట్టరు. ఆ కథే 1959లో 'లిటిల్ బ్లూ అండ్ లిటిల్ యెల్లో' పేరుతో పుస్తకంగా వచ్చింది. ఆయన పిల్లల పుస్తకాల ప్రయాణం అక్కడే మొదలైంది. అంటే ఇక్కడ ముందు పుట్టింది చేతిపని, తర్వాతే పుస్తకం.

కారులో మీరూ అదే చేయొచ్చు. టోల్ రసీదు, బిస్కెట్ ప్యాకెట్ కవరు, పాత పేపరు ఏదైనా సరే. చింపిన ముక్కకు కళ్లుండవు, కాళ్లుండవు. అయినా పిల్లలు దాన్ని మనిషిని చేసేస్తారు. కత్తెర అక్కర్లేదు, కదిలే బండిలో కత్తెర అసలే వద్దు. ఊరు చేరాక గాలిపటాల కాగితం నీలం ముక్క, పసుపు ముక్క ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి అడ్డంగా పట్టుకుంటే నిజంగానే ఆకుపచ్చ కనిపిస్తుంది. మాటల్లో విన్నది కళ్లముందు జరిగేసరికి పిల్లల మొహాలు చూడాలి.

ఈ గాలిపటాల కాగితం సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. క్రిస్మస్‌కే ఒక కట్ట కొని పెట్టుకోండి, సంక్రాంతి దాకా పనికొస్తుంది. మెదక్ చర్చికి వెళ్లినవాళ్లు అక్కడి రంగుటద్దాల కిటికీలు చూసే ఉంటారు. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన ఆ చర్చిలో, క్రీస్తు జననం సహా ఆయన జీవితంలోని ఘట్టాలను గాజు మీద రంగుల్లో చూపించారు. ఎండ పడితేనే బొమ్మ వెలుగుతుంది. చదువు రానివారికి కూడా కథ అర్థమయ్యేలా చేసిన బొమ్మల పుస్తకం లాంటిదే అది. నక్షత్రం కథ ఉన్న పుస్తకం చదివాక, నల్ల అట్టలో నక్షత్రం ఆకారం కత్తిరించి, వెనక నుంచి రంగు కాగితాలు అతికించి కిటికీకి అంటించండి. పొద్దున ఎండ పడినప్పుడు నేల మీద రంగులు పడతాయి. ఆ రంగుల మీద నడుస్తూ జ్ఞానులు నక్షత్రాన్ని వెతుక్కుంటూ వెళ్లే ఆట ఆడతారు.

గాలిపటానికి కళ్లుంటే ఏం కనిపిస్తుంది?

గాలిపటం కథలు పిల్లల పుస్తకాల్లో బోలెడు. చాలావాటిలో గాలిపటం తెగిపోతుంది, ఎక్కడెక్కడో తిరుగుతుంది, చివరికి చెట్టు కొమ్మకు చిక్కుకుంటుంది. చదవగానే పిల్లలు గాలిపటం చేద్దామంటారు. నిజాయితీగా చెప్పాలంటే, అయిదేళ్ల పిల్లలు చేసిన గాలిపటం ఎగరదు. పెద్దవాళ్లు చేసినదే సగం సార్లు ఎగరదు. ఎగరలేదని పిల్లలు ఏడుస్తారు, మనం బజారుకెళ్లి అయిదారు కొనుక్కొస్తాం. చేతిపని అక్కడితో సమాప్తం.

అందుకే దారి మార్చండి. ఎగిరే గాలిపటం కొనండి, దాన్ని ఎగరేసే పని నాన్నకో, మామయ్యకో వదిలేయండి. పిల్లలతో మాత్రం 'గాలిపటం పైనుంచి చూస్తే ఏం కనిపిస్తుంది' అనే బొమ్మ వేయించండి. ముందు మేడ మీదికి తీసుకెళ్లి కిందికి చూపించండి, పిట్టగోడ దగ్గర చెయ్యి వదలకుండా. పైనుంచి చూస్తే నీళ్ల ట్యాంక్ గుండ్రంగా ఉంటుంది. మనిషి తల, రెండు భుజాలు మాత్రమే కనిపిస్తాయి. ముగ్గు మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. ఆటో పైకప్పు పచ్చటి ముక్కలా ఉంటుంది. కింద ఉన్నప్పుడు తెలిసిన ఊరే, పైనుంచి చూస్తే కొత్త ఊరు. కిందికొచ్చి పెద్ద కాగితం నేల మీద పరిచి ఆ ఊరిని గీయమనండి. ఇళ్లకు అగ్గిపెట్టెలు, చెరువుకు చాక్లెట్ కాగితం అతికించొచ్చు. తర్వాత చిన్న కాగితం గాలిపటానికి దారం కట్టి, ఆ ఊరి మీదుగా తిప్పుతూ ఎక్కడెక్కడికి వెళ్లిందో చెప్పించాలి. ఎక్కడ చిక్కుకుంది? ఎవరు తీశారు? తీసిన వాళ్లు తిరిగిచ్చారా, పట్టుకుపోయారా?

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. చైనా మాంజా అని పిలిచే నైలాన్, సింథటిక్ దారాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017 జులైలోనే దేశవ్యాప్తంగా నిషేధించింది. అయినా ప్రతి సంక్రాంతికీ బైక్‌ మీద వెళ్లేవాళ్ల మెడలు కోసుకున్న వార్తలు, పక్షుల రెక్కలు తెగిన వార్తలు చదవాల్సి వస్తూనే ఉంది. గాజు పొడి పట్టించిన దారం ఏదైనా పిల్లల వేళ్లను కోసేస్తుంది. నూలు దారమే కొనండి. వేరేవాళ్ల తెగిన దారం వాకిట్లో, చెట్ల మీద వేలాడుతుంటే పిల్లలతో తీయించకండి, మీరే జాగ్రత్తగా చుట్టి చెత్తలో వేయండి.

టీవీ కావాలా? షూ డబ్బాతో చేసుకోండి

టీవీ ఛానల్ వాళ్లు ఇలా చెప్తున్నారేంటి అనుకోకండి. ఈ టీవీకి కరెంటు అక్కర్లేదు!

సిద్దిపేట జిల్లాలోని చేర్యాల పేరు వినే ఉంటారు. అక్కడి నకాషీ చిత్రకారులు వేసే పటాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఎర్రటి నేపథ్యం మీద వరుసగా బొమ్మలు, ఒక్కో అరలో కథలోని ఒక్కో ఘట్టం. పొడవాటి గుడ్డ మీద వేసిన ఆ పటాన్ని కథకులు ఊరూరా తీసుకెళ్లి, కొంచెం కొంచెంగా విప్పుతూ పాటతో కథ చెప్పేవారు. విప్పిన మేరకే కథ కనిపిస్తుంది, తర్వాత ఏముందో చుట్టలోనే దాగి ఉంటుంది. పేజీ తిప్పితే ఏమొస్తుందో అనే ఉత్కంఠ బొమ్మల పుస్తకాలకు ప్రాణం అంటారు కదా, మన పటం కథలో అది ఎప్పటి నుంచో ఉంది.

దాన్నే ఇంట్లో చేయొచ్చు. షూ డబ్బా అడుగున దీర్ఘచతురస్రంగా కత్తిరించి కిటికీ చేయండి, ఇది పెద్దవాళ్ల పని. పైన ఒకటి, కింద ఒకటి అడ్డంగా రెండు పుల్లలు దూర్చండి. పాత పెన్సిళ్లయినా చాలు. కాగితాలను ఒకదాని కింద ఒకటి అతికించి పొడవాటి పట్టీ తయారు చేయండి. ఆ పట్టీ మీద పిల్లలు అప్పుడే విన్న కథను గీస్తారు. ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ. పట్టీ రెండు చివరలనూ పుల్లలకు అతికించి చుట్టండి. పై పుల్ల తిప్పితే కిటికీలో బొమ్మలు ఒకటొకటిగా మారతాయి.

ఎన్ని గడులు ఉండాలన్నది పిల్లల వయసును బట్టి ఉంటుంది. నాలుగేళ్లవాళ్లకు మూడు చాలు. కథ ఎలా మొదలైంది, మధ్యలో ఏం గొడవ వచ్చింది, చివరికి ఏమైంది. ఏడేళ్లవాళ్లు పది గడులైనా గీస్తారు, మధ్యలో యాడ్ కూడా పెడతారు. ఒకవేళ మీ పిల్లాడు కథ ఆపి 'ఒక చిన్న బ్రేక్' అన్నాడంటే ఆ పాపం మాదే!

సాయంత్రం పెద్దలందరినీ కూర్చోబెట్టి టికెట్ పెట్టి చూపించమనండి. బొమ్మలో ఏముందో గుర్తుపట్టలేకపోయినా 'ఇదేంటి' అని అడగకండి, అడిగితే చిన్నబోతారు. 'దీని గురించి చెప్పు' అనండి. ఈ రెండు మాటలకూ తేడా చిన్నదే, పిల్లలకు మాత్రం చాలా పెద్దది.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

తెలుగులో పిల్లల బొమ్మల పుస్తకాలు లేవు అనే మాట తరచూ వినిపిస్తుంది. ఇంగ్లిష్‌తో పోలిస్తే తక్కువే, కానీ లేకపోవడం అయితే కాదు. సికింద్రాబాద్ తార్నాకలోని 'మంచి పుస్తకం' సంస్థ పిల్లల పుస్తకాలనే ప్రధానంగా ప్రచురిస్తోంది. ఒకప్పటి సోవియట్ బొమ్మల పుస్తకాలు చదివి పెరిగిన తరానికి ఆ పేరు బాగా తెలుసు, ఎందుకంటే వాటిలో చాలావాటిని మళ్లీ అచ్చు వేసింది వాళ్లే. చెన్నైకి చెందిన తూలికా తెలుగు సహా పలు భారతీయ భాషల్లో బొమ్మల పుస్తకాలు వేస్తోంది, కొన్ని ఇంగ్లిష్-తెలుగు పక్కపక్కనే ఉండేవి. నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు ధర తక్కువ. హైదరాబాద్‌లో డిసెంబర్‌లో, విజయవాడలో జనవరి మొదట్లో పుస్తక ప్రదర్శనలు జరుగుతాయి కాబట్టి సంక్రాంతికి కొనుక్కోవడానికి సమయం కూడా కలిసొస్తుంది.

డబ్బులు పెట్టకుండా కావాలంటే, ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైట్ ఉంది. భాష తెలుగు ఎంచుకుని వెతికితే స్థాయిలవారీగా కథలు వస్తాయి. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి, రెండు వాక్యాలే ఉంటాయి. డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉండే మన కుటుంబాలకు ఇది బాగా పనికొస్తుంది. అక్కడి పిల్లలకు తెలుగు అర్థమవుతుంది కానీ చదవడం రాదు, ఊళ్లో ఉన్న తాతయ్య వీడియో కాల్‌లో చదువుతుంటే ఇటు పిల్లలు చేపలు కత్తిరిస్తారు. ఫోన్‌కు ఇంతకంటే మంచి ఉపయోగం మాకు తోచలేదు.

పుస్తకం ఎంచుకునేటప్పుడు పండగ విశేషాలు వరుసగా చెప్పే పుస్తకాల కంటే, ఎవరికో ఏదో సమస్య వచ్చే కథను తీసుకోండి. 'సంక్రాంతి రోజున ఇది చేస్తారు, అది చేస్తారు' అని చెప్పే పుస్తకం సమాచారానికి బాగుంటుంది కానీ దాంతో ఆట పుట్టదు. గాలిపటం పోవాలి, చేప ఎండకూడదు, ఆవు మేత మేయకూడదు. అప్పుడే పిల్లలకు చేతులు కదపాలనిపిస్తుంది.

ఈ జాగ్రత్తలు మర్చిపోవద్దు

మూడేళ్లలోపు పిల్లలు చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు. పూసలు, చమ్కీలు, గుండీలు, పప్పు గింజలు వాళ్లకు ఇవ్వకండి. అక్కకు ఇచ్చినవి తమ్ముడికి అందుతాయని కూడా గుర్తుంచుకోండి. వెలిగే బొమ్మల్లో, ఎల్ఈడీ దీపాల్లో ఉండే బిళ్ల బ్యాటరీలు మరీ ప్రమాదం. మింగితే గొంతులో, ఆహార నాళంలో తక్కువ సమయంలోనే గాయం చేస్తాయి. అలా జరిగిందని అనుమానం వచ్చినా సరే, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. స్టెప్లర్ పిన్నులు, గుండుసూదుల బదులు బంక వాడండి. మైదా ఉడికించిన బంక, అన్నం మెతుకులు కాగితానికి చక్కగా సరిపోతాయి. ముగ్గు రంగులు కళ్లలో పడకుండా చూసుకోండి.

ఇంకో జాగ్రత్త పెద్దవాళ్ల గురించి. సెలవుల ప్రాజెక్టు అంటూ బడి నుంచి వచ్చే థర్మాకోల్ ఇళ్లు రాత్రి పదకొండు గంటలకు ఎవరు చేస్తారో అందరికీ తెలుసు. ఆ అలవాటు ఇక్కడికి తేకండి. చేప వంకరగా ఉందని మీరు సరిదిద్దిన క్షణం నుంచి అది మీ చేప. పిల్లలు ఇక దాన్ని ముట్టుకోరు. గమ్ము ఎక్కువైతే ఎండడానికి ఎక్కువ టైమ్ పడుతుంది, అంతే. ఎండని చేప కథకు అది ఇంకా మంచిది.

చేసినవన్నీ ఎక్కడ పెట్టాలి?

భోగి రోజు సాయంత్రం బొమ్మల కొలువు పెట్టే ఇళ్లు ఆంధ్రాలో చాలా ఉన్నాయి. పై మెట్ల మీద దేవుళ్లు, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు ఉంటాయి. అన్నిటికంటే కింది మెట్టు పిల్లలకు వదిలేయండి. అగ్గిపెట్టె ఆవు, చెంచా అవ్వ, పిండి పుట్ట అక్కడ కొలువు తీరొచ్చు. పేరంటానికి వచ్చినవాళ్లు ఇవేంటని అడిగితే కథ చెప్పే బాధ్యత పిల్లలదే. అలా ఒక్క సాయంత్రంలో ఏడెనిమిది సార్లు కథ చెప్తారు, మీరు ఒక్కసారి కూడా చెప్పమని అడగకుండానే.

చివరగా ఒక ముఖ్యమైన విషయం. భోగి తెల్లవారుజామున మంటలో వేయడానికి పాత సామాను కోసం ఇల్లంతా వెతుకుతారు. మూలన పడున్న అట్టముక్కలు, గడ్డి కట్ట, వంకర చేపలు చూసి 'చెత్తే కదా' అని ఎత్తుకుపోయే మామయ్య ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆయనకు ముందు రోజు రాత్రే చెప్పి పెట్టండి. మంటలో వేయడానికి పిల్లలు గుచ్చిన భోగి పిడకల దండ ఎలాగూ ఉంది.